యూనిట్ 12: ఉదర శస్త్రచికిత్స తరవాత నొప్పి నివారణ – రోగి సంతృప్తి

విషయక్రమం

12.0 లక్ష్యాలు
12.1 పరిచయం
12.2 పొట్ట ఆపరేషన్ నొప్పి – రకాలు, కారణాలు
12.3 నొప్పిని తగ్గించకపోతే కలిగే నష్టాలు
12.4 నొప్పిని కొలవడం
12.5 నొప్పి నివారణ పద్ధతులు
12.6 ముందుగా చెప్పడం – 1964 నాటి అధ్యయనం
12.7 రోగి సంతృప్తి
12.8 అమెరికా అనుభవం
12.9 మన ఆసుపత్రుల పరిస్థితి
12.10 సారాంశం
12.11 ముఖ్య పదాలు
12.12 మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు
12.13 నమూనా పరీక్ష ప్రశ్నలు

12.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:

• పొట్ట ఆపరేషన్ తరవాత వచ్చే నొప్పి రకాలను, వాటి కారణాలను వివరించగలుగుతారు.
• నొప్పిని తగ్గించకపోతే శరీరంలో ఏయే ఇబ్బందులు వస్తాయో చెప్పగలుగుతారు.
• నొప్పిని కొలిచే పద్ధతులను, ఎప్పుడెప్పుడు కొలవాలో తెలుపగలుగుతారు.
• వివిధ నివారణ పద్ధతులను, వాటి పరిమితులను పోల్చగలుగుతారు.
• నొప్పి తగ్గడానికి, రోగి సంతృప్తికి గల తేడాను ఉదాహరణలతో చర్చించగలుగుతారు.

12.1 పరిచయం

సిజేరియన్, అపెండిక్స్, పిత్తాశయం, హెర్నియా, గర్భసంచి తొలగింపు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ – ఇవన్నీ ఉదర శస్త్రచికిత్సలే. మీ ఇంట్లోనో మీ వీధిలోనో వీటిలో ఒకటి చేయించుకొన్నవారు తప్పక ఉంటారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సిజేరియన్ కాన్పులు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశం మొత్తం మీద ఇవి 21.5 శాతం. అంటే పొట్ట మీద కోత, దాని నొప్పి మన రాష్ట్రాల్లో అరుదైన అనుభవం కాదు.

ఈ నొప్పి గురించి ఆసుపత్రుల్లో రెండు ప్రశ్నలు వినిపిస్తాయి. మొదటిది: రోగికి నొప్పి ఎంత తగ్గింది? రెండోది: రోగి మా సేవలతో ఎంత సంతృప్తి చెందాడు? ఈ రెండూ ఒకటే అనిపిస్తుంది. కాని ఒకదాని జవాబు చూసి రెండోదాన్ని ఊహించకూడదు. నొప్పితో బాధపడుతూనే 'బాగా చూసుకొన్నారు' అనే రోగులు ఉన్నారు. నొప్పి చాలావరకు తగ్గినా అసంతృప్తితో ఇంటికి వెళ్లేవారూ ఉన్నారు. ఎందుకిలా జరుగుతుంది, అలాంటప్పుడు ఆసుపత్రి దేన్ని లక్ష్యంగా పెట్టుకోవాలి అన్నదే ఈ యూనిట్‌లోని ప్రధానాంశం.

గమనిక: ఈ యూనిట్‌లో మందుల పేర్లు, మోతాదులు విషయావగాహన కోసమే ఇచ్చాం. ఏ రోగికి ఏ మందు, ఎంత ఇవ్వాలో నిర్ణయించేది చికిత్స చేసే డాక్టర్ మాత్రమే.

12.2 పొట్ట ఆపరేషన్ నొప్పి – రకాలు, కారణాలు

నొప్పి అంటే గాయం మాత్రమే కాదు. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 1979లో ఇచ్చి, 2020లో సవరించిన నిర్వచనం నొప్పిని శరీరానికి తెలిసే బాధగాను, మనసుకు కలిగే బాధగాను కూడా గుర్తించింది. రోగి తనకు నొప్పి ఉందని చెబితే ఆ మాటను గౌరవించాలని ఆ సంఘం తన వివరణలో స్పష్టం చేసింది. కాబట్టి 'అంత చిన్న కోతకు ఇంత నొప్పి ఉండదు' అని మరొకరు తీర్పు చెప్పడం సరికాదు.

పొట్ట ఆపరేషన్ తరవాత రోగి అనుభవించే నొప్పి సాధారణంగా మూడు చోట్ల నుంచి వస్తుంది.

(అ) కోత నొప్పి: చర్మం, దాని కింది కండరాలు, లోపలి పొర తెగడం వల్ల వచ్చేది. ఛాతీ దిగువ భాగం నుంచి, నడుము పైభాగం నుంచి బయలుదేరే నాడులు పొట్ట గోడకు స్పర్శనిస్తాయి. కోత చుట్టూ వాపు ఏర్పడి అక్కడి నాడుల కొసలను ఇంకా సున్నితం చేస్తుంది. ఈ నొప్పి ఎక్కడుందో రోగి వేలు పెట్టి చూపగలడు. కదిలినా, దగ్గినా, నవ్వినా పెరుగుతుంది. 'పోటు', 'సలుపు', 'మంట' అని మనవాళ్లు చెప్పేది ఎక్కువగా ఇదే.

(ఆ) అంతరవయవాల నొప్పి: పేగులు, గర్భాశయం వంటి అవయవాలు సాగినప్పుడు, బిగుసుకొన్నప్పుడు, వాచినప్పుడు వస్తుంది. ఇది ఫలానా చోట అని చూపడం కష్టం. 'లోపల మెలిపెట్టినట్టుంది', 'పట్టేసినట్టుంది' అని రోగులు చెబుతారు. దీంతోపాటు వికారం, చెమటలు ఉండవచ్చు.

(ఇ) వేరే చోట తెలిసే నొప్పి: లాపరోస్కోపీలో పొట్టను ఉబ్బించడానికి కార్బన్ డయాక్సైడ్ వాయువు నింపుతారు. ఆపరేషన్ తరవాత మిగిలిన కొద్దిపాటి వాయువు, అది కలిగించిన రాపిడి ఉదరవితానాన్ని బాధిస్తాయి. ఉదరవితానానికి వెళ్లే నాడి, భుజం పైభాగానికి వెళ్లే నాడులు మెడ దగ్గర ఒకే ప్రాంతం నుంచి బయలుదేరుతాయి. అందువల్ల మెదడుకు ఆ బాధ భుజం నుంచి వస్తున్నట్టు తోస్తుంది. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోయే ఈ భుజం నొప్పి గురించి ముందుగా చెప్పకపోతే, పొట్టకు ఆపరేషన్ చేయించుకొన్న మనిషి 'గుండెకేమైనా అయ్యిందేమో' అని రాత్రంతా భయపడతాడు. అయితే ఛాతీ నొప్పి, ఆయాసం కూడా ఉంటే డాక్టర్ తప్పక పరీక్షించాలి.

ఒకే గాయం ఇద్దరిని ఒకే స్థాయిలో ఎందుకు బాధించదు? 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ ప్రతిపాదించిన ద్వార నియంత్రణ సిద్ధాంతం దీనికి ఒక వివరణ ఇచ్చింది. గాయం నుంచి వచ్చే సంకేతాలు వెన్నుపాములో ఒక ద్వారం వంటి ఏర్పాటు గుండా వెళతాయి. స్పర్శను తెలిపే నాడులు, మెదడు నుంచి దిగివచ్చే సంకేతాలు ఆ ద్వారాన్ని కొంత మూయగలవు, తెరవగలవు. ఈ సిద్ధాంతంలోని కొన్ని వివరాలు తరవాత మారినా, భయం, ఆందోళన, ధైర్యం, శ్రద్ధ నొప్పిని నిజంగానే పెంచుతాయి లేదా తగ్గిస్తాయి అనే అవగాహన నిలిచింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
గమనిక: మీ సమాధానాన్ని యూనిట్ చివర ఇచ్చిన సమాధానంతో సరిచూసుకోండి.
లాపరోస్కోపీ తరవాత భుజం నొప్పి ఎందుకు వస్తుంది?

12.3 నొప్పిని తగ్గించకపోతే కలిగే నష్టాలు

'ఆపరేషన్ అన్నాక నొప్పి ఉండదా, ఓర్చుకోవాలి' అనే మాట వార్డుల్లో తరచుగా వినిపిస్తుంది. ఓర్పు మంచి గుణమే. కాని పొట్ట కోత విషయంలో ఓర్పుకు శరీరం చెల్లించే ధర ఉంది.

మనం గాఢంగా ఊపిరి పీల్చినప్పుడు పొట్ట గోడ కదులుతుంది. కోత నొప్పి ఉన్న రోగి ఆ కదలికకు భయపడి పైపైనే ఊపిరి తీసుకొంటాడు. దగ్గు వచ్చినా ఆపుకొంటాడు. దాంతో ఊపిరితిత్తుల అడుగు భాగంలోని వాయుగోణులు ముడుచుకుపోతాయి, కఫం పేరుకుంటుంది, నిమోనియాకు దారి ఏర్పడుతుంది. బొడ్డుకు పైన కోత పడినవారిలో, పొగతాగేవారిలో, వృద్ధుల్లో ఈ ప్రమాదం ఎక్కువ.

నొప్పివల్ల రోగి మంచం దిగడు. కదలిక లేని కాళ్లలోని లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. నొప్పి ఒత్తిడి హార్మోన్లను పెంచుతుంది. గుండె వేగం, రక్తపోటు, రక్తంలో చక్కెర పెరుగుతాయి. పేగుల కదలిక మందగించి పొట్ట ఉబ్బుతుంది. నిద్ర చెడుతుంది. సిజేరియన్ అయిన తల్లికి బిడ్డను ఒడిలోకి తీసుకొని పాలివ్వడమే కష్టమవుతుంది.

మరో నష్టం కొన్ని నెలల తరవాత బయటపడుతుంది. ఆపరేషన్ తరవాత 3 నెలలు దాటినా తగ్గని నొప్పిని దీర్ఘకాలిక శస్త్రచికిత్సానంతర నొప్పి అంటారు. ఆపరేషన్ జరిగిన తొలి రోజుల్లో తీవ్రమైన నొప్పి అనుభవించినవారిలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

వీటన్నిటినీ గమనిస్తే నొప్పి నివారణ అసలు ఉద్దేశం తెలుస్తుంది. రోగి బాధ తీర్చడంతోపాటు, అతడు గాఢంగా ఊపిరి పీల్చి, దగ్గి, లేచి నడిచేలా చెయ్యడమే ఆ ఉద్దేశం.

12.4 నొప్పిని కొలవడం

నొప్పిని కొలవడానికి థర్మామీటర్ వంటి పరికరం లేదు. రోగి మాటే కొలమానం. ఎక్కువగా వాడేది సంఖ్యా మాపకం. '0 అంటే నొప్పి లేదు, 10 అంటే మీరు ఊహించగలిగిన అతి తీవ్రమైన నొప్పి. ఇప్పుడు మీది ఎంత?' అని అడుగుతారు. సాధారణంగా 1–3 స్వల్పం, 4–6 మధ్యస్థం, 7–10 తీవ్రం అని భావిస్తారు.

అంకెల్లో చెప్పడం అలవాటు లేనివారికి 'లేదు, కొంచెం, మధ్యస్థం, ఎక్కువ, భరించలేను' అనే మాటల మాపకం వాడవచ్చు. పిల్లలకు నవ్వు నుంచి ఏడుపు వరకు ముఖాలు గీసిన బొమ్మలు చూపుతారు. 'రూపాయికి పావలా వంతు తగ్గింది', 'ఇంకా ముప్పావలా ఉంది' అని పల్లెల్లో పెద్దవాళ్లు అనడం మీరు వినే ఉంటారు. అది కూడా ఒక మాపకమే. ఏ మాపకమైనా ఒక రోగికి మొదటి నుంచి చివరి వరకు అదే వాడాలి. అప్పుడే పెరిగిందా, తగ్గిందా అనేది తెలుస్తుంది. మాట్లాడలేని స్థితిలో ఉన్నవారి విషయంలో ముఖ కవళికలు, మూలుగు, కాళ్లు ముడుచుకోవడం వంటి లక్షణాలను గమనిస్తారు.

ఈ కొలతలో మూడు నియమాలు ముఖ్యం.

1. కదలికలో కొలవాలి. కదలకుండా పడుకొన్న రోగి '2' అనవచ్చు. అదే రోగిని దగ్గమంటే '8' అనవచ్చు. 12.3లో చెప్పిన నష్టాలు వచ్చేది ఆ ఎనిమిది వల్లనే. కాబట్టి విశ్రాంతిలో ఒకసారి, దగ్గినప్పుడు లేదా పక్కకు తిరిగినప్పుడు మరొకసారి అడగాలి.

2. మందు ఇచ్చాక మళ్లీ కొలవాలి. నరం ద్వారా ఇస్తే దాదాపు 15–30 నిమిషాలకు, నోటి ద్వారా ఇస్తే దాదాపు గంటకు తిరిగి అడగాలి. మళ్లీ అడగకపోతే మందు పనిచేసిందో లేదో తెలియదు.

3. అంకెతోపాటు పనిని చూడాలి. 'దగ్గగలుగుతున్నారా? మంచం మీద లేచి కూర్చోగలిగారా? బాత్‌రూమ్ దాకా నడిచారా?' అన్న ప్రశ్నలు అంకెకు అర్థాన్నిస్తాయి.

తగ్గుతూ వస్తున్న నొప్పి ఒక్కసారిగా పెరిగినా, పొట్ట గట్టిపడినా, జ్వరం వచ్చినా, నాడి వేగం పెరిగినా మందు మోతాదు పెంచి ఊరుకోకూడదు. లోపల రక్తస్రావమో, చీమో, కుట్టు వదలడమో ఉండవచ్చు. వెంటనే డాక్టర్‌కు తెలపాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
నొప్పిని విశ్రాంతిలో మాత్రమే కొలిస్తే వచ్చే లోపం ఏమిటి?

12.5 నొప్పి నివారణ పద్ధతులు

ఒకే మందును ఎక్కువగా ఇవ్వడం కంటే, వేర్వేరు మార్గాల్లో పనిచేసే మందులను, పద్ధతులను కలిపి ఒక్కొక్కదాన్ని తక్కువగా వాడటం మేలు. దీన్ని బహుముఖ నొప్పి నివారణ అంటారు. డెన్మార్క్ శస్త్రవైద్యుడు హెన్రిక్ కెలెట్ 1990ల నుంచి దీన్ని బలంగా ప్రతిపాదించాడు. నొప్పి నివారణను తొందరగా నడిపించడం, తొందరగా ఆహారం ఇవ్వడం వంటి చర్యలతో జోడించిన 'త్వరిత కోలుకోలు' విధానానికి ఆయన కృషే ఆధారం.

12.5.1 మందులు

పారాసిటమాల్ ఈ విధానానికి పునాది. 50 కిలోల పైన బరువున్న పెద్దవారికి సాధారణంగా ఒక గ్రాము చొప్పున 6 గంటలకొకసారి ఇస్తారు. 24 గంటల్లో 4 గ్రాములు మించకూడదు. బరువు తక్కువ ఉన్నవారికి, కాలేయ వ్యాధి ఉన్నవారికి ఇంకా తగ్గించాలి.

ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్ వంటివి వాపును తగ్గించి నొప్పిని తగ్గిస్తాయి. మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండు, రక్తస్రావం, ఒంట్లో నీరు తగ్గడం వంటి పరిస్థితుల్లో ఇవి ప్రమాదకరం. 'నొప్పి మాత్రలు వేసుకొంటే కిడ్నీలు పోతాయి' అనే భయానికి మూలం ఇక్కడుంది. ఆ భయం పూర్తిగా నిరాధారం కాదు. కాని ఆరోగ్యమైన మూత్రపిండాలున్నవారికి డాక్టర్ సలహాతో కొద్ది రోజులు ఇచ్చే మందును, ఏళ్ల తరబడి దుకాణంలో కొని మింగే మాత్రలను ఒకే గాటన కట్టకూడదు.

మార్ఫిన్, ఫెంటానిల్, ట్రమడాల్ వంటివి ఓపియాయిడ్లు. నల్లమందు నుంచి వచ్చినవి, దానిలాగే పనిచేసేవి ఈ కోవలోకి వస్తాయి. తీవ్రమైన నొప్పికి ఇవి అవసరం. కాని వికారం, వాంతులు, దురద, మలబద్ధకం, మత్తు కలిగిస్తాయి. పొట్ట ఆపరేషన్ తరవాత అసలే మందగించిన పేగులను ఇంకా మందగింపజేస్తాయి. అన్నిటికంటే పెద్ద ప్రమాదం శ్వాస నెమ్మదించడం. రోగి మగతలోకి జారుతూ ఉండటం దీనికి ముందస్తు హెచ్చరిక. అందుకే ఈ మందులు ఇచ్చినప్పుడు నొప్పి అంకెతోపాటు మగత స్థాయిని, నిమిషానికి శ్వాసల సంఖ్యను కూడా నమోదు చెయ్యాలి; విరుగుడైన నాలోక్సోన్ అందుబాటులో ఉంచాలి. పాలిచ్చే తల్లులకు కోడీన్, ట్రమడాల్ సాధారణంగా ఇవ్వరు. ఆ మందులు పాల ద్వారా బిడ్డకు చేరి శ్వాసను మందగింపజేసే ప్రమాదం ఉంది. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ పాలిచ్చే తల్లులకు అనుకూలమైనవి.

నొప్పి ముదిరాక మందు వెయ్యడం కంటే తొలి రెండు మూడు రోజులు పారాసిటమాల్ వంటి ప్రాథమిక మందులను గడియారం చూసి వేళకు ఇవ్వడం మంచిది. మందుల చీటీలో 'అవసరమైతే' అని మాత్రమే రాస్తే, అడగడానికి మొహమాటపడే రోగికి ఆ మందు అందదు.

రోగి స్వీయ నియంత్రిత పంపు మరో పద్ధతి. రోగి బొత్తాం నొక్కితే నిర్ణీత చిన్న మోతాదు నరంలోకి వెళుతుంది. మళ్లీ మోతాదు రావడానికి 5–10 నిమిషాల విరామం యంత్రంలోనే అమర్చి ఉంటుంది. మగత వచ్చిన రోగి బొత్తాం నొక్కలేడు. అదే ఇందులోని రక్షణ. కాబట్టి రోగి తరఫున బంధువులు ఎవరూ బొత్తాం నొక్కకూడదు.

12.5.2 నాడుల దగ్గర మందు ఇవ్వడం

ఎపిడ్యూరల్ పద్ధతిలో వెన్నుపాము పొర వెలుపలి ఖాళీలోకి సన్నని గొట్టం పంపి మందు ఇస్తారు. పెద్ద కోతలకు ఇది చాలా బాగా పనిచేస్తుంది. కాని రక్తపోటు పడిపోవడం, కాళ్లు బరువెక్కడం వంటివి జరగవచ్చు. శిక్షణ పొందిన సిబ్బంది నిరంతరం గమనించాలి. పొట్ట గోడ కండరాల పొరల మధ్య మందు ఇచ్చే ట్యాప్ బ్లాక్ 2001 నుంచి వైద్య సాహిత్యంలో కనిపిస్తుంది. ఇది కోత నొప్పిని తగ్గిస్తుంది. లోపలి అవయవాల నొప్పిని తగ్గించదు. ఖర్చు, పరికరాలు తక్కువ ఉన్న చోట కుట్లు వేసేటప్పుడే కోత అంచుల్లో తిమ్మిరి మందు ఎక్కించడం సులభమైన పద్ధతి.

12.5.3 మందులు లేని పద్ధతులు

దిండును కోత మీద రెండు చేతులతో అదుముకొని దగ్గడం, మోకాళ్లు మడిచి పక్కకు తిరిగి చేతి ఆసరాతో లేవడం, గాఢ శ్వాస వ్యాయామం, తొందరగా నడిపించడం – వీటికి ఖర్చు లేదు. వీటిని ఆపరేషన్‌కు ముందే నేర్పాలి. కోత పడిన తరవాత, నొప్పిలో ఉన్న మనిషికి కొత్త పని నేర్పడం కష్టం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 3
బహుముఖ నొప్పి నివారణ అంటే ఏమిటి?

12.6 ముందుగా చెప్పడం – 1964 నాటి అధ్యయనం

మాటకు మందు వంటి ప్రభావం ఉంటుందా? అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో లారెన్స్ ఎగ్బర్ట్, ఆయన సహచరులు ఈ ప్రశ్నకు సమాధానం వెతికారు. వారి ఫలితాలు 1964లో వెలువడ్డాయి. పొట్ట ఆపరేషన్ చేయించుకోబోయే 97 మంది రోగులను రెండు బృందాలుగా చేశారు. ఒక బృందానికి మామూలుగా ఇచ్చే సంరక్షణ ఇచ్చారు. రెండో బృందం దగ్గరకు మత్తు డాక్టర్ వెళ్లి నొప్పి ఎక్కడ వస్తుంది, ఎంత తీవ్రంగా ఉంటుంది, ఎన్నాళ్లుంటుంది అని ముందే వివరించాడు. కోత కింది కండరాలు బిగుసుకోవడం వల్ల నొప్పి పెరుగుతుందని, నెమ్మదిగా ఊపిరి తీస్తూ వాటిని వదులు చేసుకోవచ్చని చెప్పాడు. పక్కకు ఎలా తిరగాలో చూపాడు. ఎవరు ఏ బృందంలో ఉన్నారో శస్త్రవైద్యులకు తెలియదు.

ఆపరేషన్ తరవాత రెండో బృందానికి మత్తు జాతి నొప్పి మందుల అవసరం సుమారు సగానికి తగ్గింది. శస్త్రవైద్యులు వారిని సగటున 2.7 రోజులు ముందుగా ఇంటికి పంపారు.

ఇందులో గమనించవలసింది ఏమిటంటే, డాక్టర్ 'మీకు నొప్పి ఉండదు' అని చెప్పలేదు. ఉంటుందనే చెప్పాడు, దాంతోపాటు ఏం చెయ్యాలో చెప్పాడు. అబద్ధపు భరోసా మొదటి రాత్రే తేలిపోతుంది. ఆ తరవాత సిబ్బంది చెప్పే ఏ మాటనూ రోగి నమ్మడు.

12.7 రోగి సంతృప్తి

ఆవెడిస్ డొనబెడియన్ 1966లో వైద్య సేవల నాణ్యతను మూడు కోణాల్లో చూడాలన్నాడు: నిర్మాణం, ప్రక్రియ, ఫలితం. మన అంశానికి అన్వయిస్తే మందులు, సిబ్బంది, పంపులు నిర్మాణం. నొప్పిని అడగడం, వేళకు మందివ్వడం ప్రక్రియ. నొప్పి తగ్గడం, రోగి కోలుకోవడం, సంతృప్తి చెందడం ఫలితం. సంతృప్తి ఫలితాల్లో ఒకటి మాత్రమే అని గుర్తుంచుకోండి.

సంతృప్తి అనేది పొందినదానికి, ఆశించినదానికి మధ్య పోలిక. ఇద్దరు రోగులను ఊహించండి. మొదటి ఆమెకు దగ్గినప్పుడు నొప్పి 7. కాని నర్సు ప్రేమగా పలకరించింది. 'ఆపరేషన్ అంటే ఇంతకన్నా ఎక్కువే ఉంటుందనుకొన్నా' అని ఆమె భావించింది. సంతృప్తి పత్రంలో 'చాలా బాగుంది' అని రాయించింది. రెండో వ్యక్తికి నొప్పి 3. కాని రాత్రి మందు కోసం రెండుసార్లు పిలిచినా ఎవరూ రాలేదు; ఎప్పుడిస్తారో చెప్పలేదు. అతడు 'బాగాలేదు' అన్నాడు. పత్రాలు మాత్రమే చూసే అధికారికి మొదటి వార్డు మంచిదిగా, రెండోది చెడ్డదిగా కనిపిస్తుంది. నిజానికి నిమోనియా ప్రమాదం ఉన్నది మొదటి ఆమెకు. అలాగని రెండో వ్యక్తి ఫిర్యాదు అబద్ధం కాదు. అది నొప్పి గురించి కాదు, జవాబు లేకపోవడం గురించి.

ఎక్కువ నొప్పి, ఎక్కువ సంతృప్తి కలిసి ఉండటాన్ని పరిశోధకులు ఎన్నోచోట్ల గమనించారు. దీనికి కారణాలు:

• నొప్పి తప్పదనే నమ్మకంవల్ల ఆశింపు తక్కువగా ఉండటం.
• ప్రాణం దక్కిందన్న కృతజ్ఞత. ఉచితంగా చేశారన్న మొహమాటం.
• ఫిర్యాదు చేస్తే కుట్లు విప్పేటప్పుడో, మళ్లీ వచ్చినప్పుడో సరిగా చూడరేమోనన్న భయం.
• సిబ్బంది ఎదుటే పత్రం నింపించడం, లేదా రోగికి బదులు బంధువు నింపడం.
• ఇంటికి వెళ్లే రోజు నాటికి నొప్పి తగ్గి, మొదటి రాత్రి బాధ మరుపున పడటం.

ఒక ఊహాజనిత లెక్క చూద్దాం. 20 మంది రోగుల్లో 18 మంది సంతృప్తి చెందామన్నారు. అంటే 90 శాతం. అదే 20 మందిలో ఆపరేషన్ మరునాడు గట్టిగా దగ్గగలిగినవారు 9 మందే. అంటే 45 శాతం. నోటీసు బోర్డు మీద మొదటి అంకె పెట్టడం సులభం. వార్డులో మార్పు తెచ్చేది మాత్రం రెండో అంకె.

కాబట్టి 'మీరు సంతృప్తి చెందారా?' అనే ఒక్క ప్రశ్న చాలదు. దానితోపాటు కింది ప్రశ్నలు అడగాలి.

1. మొదటి 24 గంటల్లో మీ నొప్పి అత్యధికంగా ఎంత?
2. దగ్గడానికి, నడవడానికి, నిద్రపోవడానికి నొప్పి అడ్డొచ్చిందా?
3. నొప్పి ఉందని చెప్పాక మందు అందడానికి ఎంతసేపు పట్టింది?
4. మందు ఇచ్చాక తగ్గిందా అని ఎవరైనా మళ్లీ అడిగారా?
5. నొప్పి గురించి ఆపరేషన్‌కు ముందు మీకు ఎవరైనా వివరించారా?
6. ఇంటికి వెళ్లాక ఏ మాత్ర ఎన్ని రోజులు వేసుకోవాలో చెప్పారా?

వీటిని చికిత్సలో పాల్గొనని వ్యక్తి, రోగి భాషలో, రోగినే అడిగితే జవాబులు నిజానికి దగ్గరగా ఉంటాయి.

12.8 అమెరికా అనుభవం

కొలతను తప్పుగా వాడితే ఏమవుతుందో అమెరికా అనుభవం తెలుపుతుంది. 1990ల మధ్యలో అమెరికన్ నొప్పి సంఘం నొప్పిని ఉష్ణోగ్రత, నాడి, శ్వాస, రక్తపోటుల సరసన 'ఐదో జీవ సంకేతం'గా చూడాలని ప్రచారం చేసింది. నొప్పిని పట్టించుకోని వార్డులను మేల్కొలపడమే దాని ఉద్దేశం. 2001లో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ నొప్పి కొలతకు ప్రమాణాలు అమలు చేసింది. తరవాత రోగుల అనుభవ సర్వేలో నొప్పి అదుపు గురించి ప్రశ్నలు చేరాయి. 2012 అక్టోబరు నుంచి ఆ సర్వే మార్కులు ప్రభుత్వం ఆసుపత్రులకు ఇచ్చే చెల్లింపులతో ముడిపడ్డాయి.

అదే కాలంలో ఆ దేశంలో ఓపియాయిడ్ల వ్యసనం, మరణాలు విపరీతంగా పెరిగాయి. దానికి మందుల కంపెనీల ప్రచారంతో సహా ఎన్నో కారణాలున్నాయి. అంకె తగ్గించాలనే ఒత్తిడి, మార్కులు పోతాయనే భయం డాక్టర్లను ఎక్కువ మందు రాసేటట్టు చేశాయనే విమర్శ కూడా బలంగా వచ్చింది. 2016లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఐదో జీవ సంకేతం భావనను వదలాలని కోరింది. 2018 ఆర్థిక సంవత్సరం నుంచి నొప్పి ప్రశ్నలను చెల్లింపుల లెక్క నుంచి తొలగించారు. 2019 అక్టోబరు నుంచి వాటిని సర్వేలోంచే తీసేశారు.

నొప్పిని కొలవడం తప్పని దీని అర్థం కాదు. ఆ అంకెను తగ్గించడమే గమ్యం చేసుకోవడం తప్పు. అంకె రోగి దగ్గరకు వెళ్లి మాట్లాడటానికి ఒక ఆరంభం.

12.9 మన ఆసుపత్రుల పరిస్థితి

మన దేశంలో సమస్య చాలాచోట్ల దీనికి ఎదురుగా ఉంటుంది. మందు ఎక్కువ కావడం కాదు, అవసరమైన రోగికి అందకపోవడం. 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం కింద కఠినమైన లైసెన్సుల వల్ల ఎన్నో ఆసుపత్రులు మార్ఫిన్ నిల్వ పెట్టడమే మానుకొన్నాయి. 2014లో చట్టాన్ని సవరించి, మార్ఫిన్, ఫెంటానిల్ వంటి అత్యవసర మందులకు దేశమంతటా ఒకే నియమావళి తెచ్చారు. 2018లో ట్రమడాల్‌ను కూడా ఈ చట్టం పరిధిలోకి చేర్చారు. దుర్వినియోగాన్ని ఆపడం, నొప్పిలో ఉన్నవారికి మందు అందించడం – ఈ రెండు బాధ్యతలూ ఆసుపత్రి నిర్వాహకుడి మీద ఒకేసారి ఉంటాయి.

సంతృప్తి కొలతకు కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2016లో 'మేరా అస్పతాల్' అనే అభిప్రాయ సేకరణ వ్యవస్థను ప్రారంభించింది. ఆసుపత్రి వదిలాక రోగి అభిప్రాయాన్ని ఫోన్ ద్వారా కూడా తెలుసుకోవడం ఇందులోని సౌలభ్యం. తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ ఆరోగ్య పథకాల కింద పేదలు పెద్ద ఆసుపత్రుల్లో ఆపరేషన్లు చేయించుకొంటున్నారు. ఊరికి దూరంగా, తెలియని వార్డులో, ఉచిత చికిత్స పొందుతున్న రోగి నోరు విప్పి 'నొప్పిగా ఉంది' అనడానికి జంకుతాడు. అడగకుండా చెప్పడు కాబట్టి, అడగడం సిబ్బంది విధి కావాలి.

పరికరాలు లేని చిన్న ఆసుపత్రి కూడా ఈ పనులు చెయ్యగలదు: ఆపరేషన్ ముందు రోజు పది నిమిషాలు వివరించడం, దిండు పట్టి దగ్గడం నేర్పడం, కోత అంచుల్లో తిమ్మిరి మందు ఇవ్వడం, పారాసిటమాల్ వేళకు ఇవ్వడం, కేస్ షీటులో నొప్పికి రెండు గళ్లు – విశ్రాంతిలో ఒకటి, దగ్గినప్పుడు ఒకటి – చేర్చడం, మందు ఇచ్చాక తిరిగి అడగడం.

కృత్యం: మీ కుటుంబంలోగాని, ఇరుగుపొరుగునగాని ఏడాదిలోపు పొట్ట ఆపరేషన్ చేయించుకొన్న ఒకరిని వారి అనుమతితో కలవండి. ముందు 'ఆసుపత్రిలో బాగా చూశారా?' అని అడిగి జవాబు రాసుకోండి. తరవాత 12.7లోని ఆరు ప్రశ్నలు అడగండి. మొదటి జవాబుకు, తరవాతి జవాబులకు తేడా ఉంటే ఒక పేజీలో వివరించండి. పేరు, ఆసుపత్రి పేరు రాయకండి.

12.10 సారాంశం

ఉదర శస్త్రచికిత్స తరవాత నొప్పి కోత నుంచి, అంతరవయవాల నుంచి, కొన్నిసార్లు వేరే చోట తెలిసే సంకేతాల నుంచి వస్తుంది. దాన్ని అదుపు చెయ్యకపోతే శ్వాస, రక్తప్రసరణ, పేగుల కదలిక దెబ్బతింటాయి. నొప్పిని విశ్రాంతిలోను, కదలికలోను కొలవాలి. మందు తరవాత మళ్లీ కొలవాలి. వేర్వేరు పద్ధతులను కలిపి వాడటం, ముందుగా నిజం చెప్పి సిద్ధం చెయ్యడం మంచి ఫలితాలిస్తాయి. సంతృప్తి ముఖ్యమైనదే; అది గౌరవాన్ని, స్పందనను తెలుపుతుంది. కాని నొప్పి తగ్గిందనడానికి అది సాక్ష్యం కాదు. రోగి దగ్గగలగడం, నడవగలగడం, నిద్రపోగలగడం ఆ సాక్ష్యం.

12.11 ముఖ్య పదాలు

బహుముఖ నొప్పి నివారణ: వేర్వేరు మార్గాల్లో పనిచేసే మందులను, పద్ధతులను కలిపి వాడటం.
సంఖ్యా మాపకం: 0 నుంచి 10 వరకు అంకెలతో నొప్పిని తెలిపే పద్ధతి.
ఓపియాయిడ్లు: నల్లమందు నుంచి వచ్చినవి లేదా దానిలాగే పనిచేసే నొప్పి మందులు.
ఉదరవితానం: ఛాతీని, పొట్టను వేరుచేసే కండర పొర.
ఎపిడ్యూరల్: వెన్నుపాము పొర వెలుపలి ఖాళీలోకి మందు ఇచ్చే పద్ధతి.

12.12 మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు

1. పొట్టలో నింపిన వాయువు ఉదరవితానాన్ని బాధిస్తుంది. దాని నాడి, భుజం పైభాగపు నాడులు మెడ దగ్గర ఒకే ప్రాంతం నుంచి బయలుదేరడంవల్ల ఆ బాధ భుజంలో తెలుస్తుంది.
2. కదలకుండా ఉన్నప్పుడు నొప్పి తక్కువగా కనిపిస్తుంది. రోగి దగ్గలేక, నడవలేక పోవడంవల్ల వచ్చే ప్రమాదం నమోదు కాదు.
3. ఒకే మందును ఎక్కువగా ఇవ్వకుండా, వేర్వేరు మార్గాల్లో పనిచేసే మందులను, పద్ధతులను కలిపి ఒక్కొక్కదాన్ని తక్కువగా వాడటం.

12.13 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఉదర శస్త్రచికిత్స తరవాత నొప్పి నివారణ పద్ధతులను వివరించి, వాటి పరిమితులను చర్చించండి.
2. 'రోగి సంతృప్తి నొప్పి తగ్గిందనడానికి సాక్ష్యం కాదు.' ఉదాహరణలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. నొప్పిని తగ్గించకపోతే శ్వాస వ్యవస్థకు కలిగే నష్టం ఏమిటి?
2. 1964 నాటి అధ్యయనం తెలిపిన విషయం ఏమిటి?
3. నొప్పి కొలత విషయంలో అమెరికా అనుభవం నుంచి మనం ఏం నేర్చుకోవచ్చు?